శాన్ మారినో స్కోర్లు ఎలా చదవాలంటే

తెనాలి,
14 అక్టోబరు 2025

చిన్నూకి, లక్కీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న శుక్రవారం పొద్దున్నే మీ అమ్మ చేతిలో ఫోన్ లాక్కుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడేశారు. వియన్నాలో ఆస్ట్రియా చేతిలో శాన్ మారినో 10–0తో ఓడిపోయిన ఫుట్‌బాల్ మ్యాచ్ హైలైట్స్ చూశామన్నారు. అర్నౌతోవిచ్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి, ఆస్ట్రియా తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడయ్యాడని లక్కీ చెప్పింది. చిన్నూ మాత్రం పకపకా నవ్వుతూ, "తాతయ్యా, వాళ్ళు ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటారట. మరి ఆడటం ఎందుకు? సిగ్గేయదా?" అన్నాడు. నాకు కోపం రాలేదురా చిన్నూ. నువ్వడిగింది మంచి ప్రశ్నే. రెండు మాటల్లో తేలేది కాదని ఫోన్‌లో ఏమీ అనలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ దేశం ఎంతో చూడండి. చుట్టూ ఇటలీ, మధ్యలో మోంటే టిటానో అనే కొండ, కొండ మీద మూడు పాత బురుజులు. మొత్తం విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు. జనం దాదాపు 34 వేలు. మన తెనాలిలోనే అంతకు నాలుగైదు రెట్ల మంది ఉన్నాం. ఇప్పుడు మీ లెక్కల నోటుబుక్కు తీసి నాతో పాటు లెక్కెయ్యండి. 34 వేలలో సగం మగవాళ్ళు అనుకుంటే 17 వేలు. అందులోంచి చిన్నపిల్లల్ని, పెద్దవయసు వాళ్ళని తీసెయ్యండి. పద్దెనిమిది నుంచి ముప్పై ఐదేళ్ళ మధ్య వాళ్ళు మూడు నాలుగు వేలు మిగిలితే గొప్ప. ఆ కొద్దిమందిలోంచే గోల్‌కీపర్‌ని వెతకాలి, డిఫెండర్లని వెతకాలి, జర్మనీ మీద, ఇంగ్లండ్ మీద ఆడే పదకొండు మందిని నిలబెట్టాలి. వాళ్ళలో చాలామందికి ఆట జీతం కాదు. పగలు ఉద్యోగమో చదువో చూసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వస్తారు.

వాళ్ళ ఫుట్‌బాల్ సంఘం 1931లోనే పుట్టింది. ఫిఫాలో చేరింది మాత్రం 1988లో. యూరప్ దేశాల మధ్య జరిగే యూరో పోటీల కోసం మొదటి అధికారిక మ్యాచ్ 1990 నవంబరు 14న తమ దేశంలోని సెర్రవల్లె ఊళ్ళో స్విట్జర్లాండ్ మీద ఆడి 0–4తో ఓడిపోయారు. మరుసటి ఏడు రొమేనియా మీద పెనాల్టీతో మొదటి గోల్ కొట్టారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా 200కు పైగా మ్యాచ్‌లు. గెలిచినవి మూడు. డ్రాలు పది దాకా. మిగతావన్నీ ఓటములే. చిన్నూ చూసింది ఈ మొత్తాన్ని. నేను చెప్పేదల్లా, మొత్తం దగ్గర ఆగిపోకుండా ఆ మ్యాచ్‌ల పట్టికలో ఒక్కో వరుస చదవమని. వరుసలో తేదీ ఉంటుంది, ఎవరి మీద ఆడారో ఉంటుంది, ఎక్కడ, ఏ పోటీలో ఆడారో ఉంటుంది, చివరి గడిలో స్కోరు ఉంటుంది. మీ కళ్ళు నేరుగా ఆ చివరి గడి మీదికే వెళ్ళాయి.

1993 తీసుకుందాం. ఆ ఏడు మార్చి 10న టర్కీ జట్టు సెర్రవల్లెకి వచ్చింది. ప్రపంచకప్ క్వాలిఫయర్, అంటే ప్రపంచకప్‌లో చోటు కోసం ఆడే మ్యాచ్. తొంభై నిమిషాలు అయ్యాక స్కోరు 0–0. శాన్ మారినోకి అదే మొదటి పాయింట్. పట్టికలో చూస్తే రెండు సున్నాలు, మధ్యలో గీత, అంతే. కానీ అప్పటిదాకా ఆ జట్టుకి ప్రతి మ్యాచ్‌లోనూ గోల్స్ పడుతూనే వచ్చాయి. ఒక్క గోల్ కూడా పడకుండా తొంభై నిమిషాలు కాచుకోవడం వాళ్ళకి అదే మొదటిసారి.

ఇక అదే ఏడు నవంబరు 17. ఈ వరుసను మాత్రం నెమ్మదిగా చదవండి. ఇంగ్లండ్ మీద మ్యాచ్. సొంతగడ్డ మ్యాచ్ అని పట్టికలో ఉంటుంది కానీ ఆడింది ఇటలీలోని బొలోన్యాలో. ఇంగ్లండ్‌కి అది మామూలు మ్యాచ్ కాదు. ప్రపంచకప్‌కి వెళ్ళాలంటే ఏడు గోల్స్ తేడాతో గెలవాలి, పైగా అవతల పోలండ్ నెదర్లాండ్స్‌ని ఓడించాలి. విజిల్ ఊదారు. శాన్ మారినో వాళ్ళు బంతిని ముందుకు కొట్టారు. ఇంగ్లండ్ డిఫెండర్ స్టూవర్ట్ పియర్స్ దాన్ని తన గోల్‌కీపర్ డేవిడ్ సీమన్‌కి వెనక్కి ఇద్దామనుకున్నాడు, కానీ తన్ను మెత్తగా పడింది. బంతి దారిలోనే నీరసించింది. దావిదె గ్వాల్తియెరి అప్పటికే పరుగెత్తుకొస్తున్నాడు. సీమన్ చేతికి అందేలోపు బంతిని లోపలికి నెట్టేశాడు. మొదలై 8.3 సెకన్లు! ఇంట్లో చాలామంది టీవీ ముందు సరిగ్గా కూర్చోను కూడా లేదు. ప్రపంచకప్ క్వాలిఫయర్లలో అప్పటిదాకా అంతకంటే త్వరగా పడ్డ గోల్ లేదు. 2016లో బెల్జియం ఆటగాడు బెంటెకే జిబ్రాల్టర్ మీద 8.1 సెకన్లలో కొట్టేదాకా, అంటే దాదాపు 23 ఏళ్ళపాటు, ఆ రికార్డు ఈ చిన్న దేశానిదే.

ఇంగ్లండ్ స్కోరు సమం చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆఖరికి 7–1తో గెలిచింది. కావాల్సిన ఏడు గోల్స్ తేడా రాలేదు. అటు నెదర్లాండ్స్ కూడా గెలిచేసింది కాబట్టి తేడా వచ్చినా ఇంగ్లండ్ ప్రపంచకప్‌కి వెళ్ళేది కాదనుకోండి. మీరు పట్టికలో చూసేది "1–7, ఓటమి". నేను చూసేది ఆ "1"ని.

2001లో రీగా వెళ్ళి లాత్వియాతో 1–1 డ్రా చేసుకున్నారు. పరాయి గడ్డ మీద వాళ్ళకి అది మొదటి పాయింట్. ఆ అవమానంతో లాత్వియా కోచ్ ఉద్యోగం మానేశాడు.

ఇప్పుడు మీకు ఒకాయన గురించి చెప్పాలి. జంపావొలో మాత్సా. 1998 నుంచి 2013 దాకా ఆ జట్టుకి కోచ్. వృత్తిరీత్యా ఆయన బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే నాలాగా పీఈటీ. బహుశా అందుకే నాకు ఆయనంటే ఇంత ఇష్టం. పట్టికలో ఆయన కాలంలోని రెండు వరుసలు చూడండి. 2004 ఏప్రిల్ 28, లిక్టెన్‌స్టైన్ మీద ఫ్రెండ్లీ మ్యాచ్. ఐదో నిమిషంలో ఆండీ సెల్వా ఫ్రీకిక్‌తో గోల్ కొట్టాడు. మిగతా 85 నిమిషాలు ఆ ఒక్క గోల్‌ని కాపాడుకున్నారు. 1–0. ఆ దేశ చరిత్రలో మొదటి గెలుపు. సెల్వా మొత్తం ఎనిమిది గోల్స్ కొట్టాడు. ఇప్పటికీ వాళ్ళలో అంతకంటే ఎక్కువ కొట్టినవాడు లేడు. రెండోది 2006 సెప్టెంబరు 6, జర్మనీ మీద యూరో క్వాలిఫయర్. 0–13. ఆ జట్టుకి ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. రెండు వరుసల్లోనూ కోచ్ ఒకడే. 0–13 తర్వాత కూడా ఆయన మర్నాడు బడికి వెళ్ళి పిల్లల చేత పరుగులు పెట్టించి ఉంటాడు, సాయంత్రం మళ్ళీ జట్టుని మైదానంలోకి దింపి ఉంటాడు. ఇంకో ఏడేళ్ళు ఆ పని వదల్లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్తాను. నేను పీఈటీగా పనిచేసిన బడిలో ఆటల రిజిస్టర్ రాసేవాణ్ణి. ఒకసారి మా పిల్లల్ని జోనల్ పోటీలకి తీసుకెళ్ళాను. కాళ్ళకి బూట్లు లేవు, సగం మంది హాస్టల్ పిల్లలు. మొదటి మ్యాచ్‌లోనే 2–9తో ఓడిపోయాం. తిరిగొచ్చాక మనసు పాడై రిజిస్టర్‌లో "మొదటి రౌండ్‌లో ఓటమి" అని రాసి మూసేశాను. స్కోరు కూడా వెయ్యలేదు. నాలుగు రోజుల తర్వాత తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, మనం రెండు గోల్స్ కొట్టాం కదా సార్, అవి రాయలేదేం?" అన్నాడు. అందులో ఒకటి వాడు కొట్టిందే. వాడి ముందే రిజిస్టర్ తీసి స్కోరు రాశాను, పక్కన ఇద్దరి పేర్లూ రాశాను. వాడు వంగి తన పేరు చదువుకుని వెళ్ళాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ మ్యాచ్‌కీ ఉత్త "ఓటమి" అని రాయలేదు.

శాన్ మారినోకి 2004 గెలుపు తర్వాత చాలా కష్టకాలం వచ్చింది. వరుసగా 61 ఓటములు. పదేళ్ళు. 2014 నవంబరులో ఎస్తోనియాతో 0–0 డ్రా అయ్యాకే ఆ వరుస తెగింది. గెలుపు అన్నది మాత్రం ఇంకా దూరమే. 2004 నుంచి 140 మ్యాచ్‌లు గెలుపు లేకుండా గడిచాయి.

ఇంతకాలం అలా ఎందుకు సాగిందంటే, దానికి వాళ్ళ ఆట ఒక్కటే కారణం కాదు. క్వాలిఫయర్లలో గ్రూపులు తీసేటప్పుడు పెద్ద జట్లనీ చిన్న జట్లనీ కలిపేస్తారు. ప్రతిసారీ ఈ చిన్నవాళ్ళకి తగిలేది తమకంటే ఎన్నో రెట్లు పెద్ద దేశాలే. 2018లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం నేషన్స్ లీగ్ మొదలుపెట్టింది. బలాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు అంచెలు. డీ లో ఉన్నవాళ్ళు డీ లో వాళ్ళతోనే ఆడతారు. అంటే సమ ఉజ్జీలతో. కబడ్డీలో బరువు చూసి జట్లు కట్టినట్టే. అప్పుడు కథ మారింది.

2024 సెప్టెంబరు 5, సెర్రవల్లె. మళ్ళీ లిక్టెన్‌స్టైనే. 53వ నిమిషంలో వెనక నుంచి ఒక పొడుగు బంతి వచ్చింది. డిఫెండరూ గోల్‌కీపరూ తడబడిన ఆ కాస్త సందులోకి నిక్కో సెన్సోలి దూరి గోల్ కొట్టాడు. 1–0. ఫ్రెండ్లీ కాకుండా అసలు పోటీలో వాళ్ళకి అదే మొదటి గెలుపు. సెన్సోలికి అప్పుడు 19 ఏళ్ళు. లెక్క చూడండి, 2004 గెలుపు నాటికి వాడు ఇంకా పుట్టనేలేదు! తన దేశం గెలవడం వాడు పుట్టిన తర్వాత ఎన్నడూ జరగలేదు. మొదటిసారి జరిగింది వాడి కాలితోనే. ఈ ముక్క రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

ఆ గ్రూపులో ఉన్నవి మూడే జట్లు. లక్కీ, నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇది నీకోసం. శాన్ మారినో నాలుగు మ్యాచ్‌లు ఇవీ: లిక్టెన్‌స్టైన్ మీద 1–0, జిబ్రాల్టర్ మీద 0–1, మళ్ళీ జిబ్రాల్టర్‌తో 1–1, చివరిది నవంబరు 18న లిక్టెన్‌స్టైన్ రాజధాని వాడుజ్‌లో, లిక్టెన్‌స్టైన్ మీదే. ఆ చివరి మ్యాచ్‌లో సగం ఆట అయ్యేసరికి 0–1తో వెనకబడి ఉన్నారు. రెండో సగంలో లాత్సారి ఒకటి, నన్ని పెనాల్టీతో ఒకటి, గోలినుచ్చి ఒకటి కొట్టారు. 3–1. ఒక మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టడం వాళ్ళకి అంతకుముందు తెలియదు. పరాయి గడ్డ మీద గెలవడమూ తెలియదు.

గెలుపుకి మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి. శాన్ మారినోకి ఏడు, జిబ్రాల్టర్‌కి ఆరు, లిక్టెన్‌స్టైన్‌కి రెండు. గ్రూపులో మొదటి స్థానం, సీ అంచెకి ప్రమోషన్. ఇప్పుడు ఆ 1–1 డ్రాని చెరిపేసి ఓటమి అని రాసి చూడు. శాన్ మారినో ఆరు దగ్గర ఆగిపోతుంది, జిబ్రాల్టర్ ఎనిమిదికి వెళ్తుంది. గెలుపుల గురించి అందరూ మాట్లాడారు, నిజమే. వాళ్ళని పైకి చేర్చింది మాత్రం ఆ డ్రాలో దక్కిన ఒక్క పాయింటు.

చిన్నూ, సిగ్గేయదా అన్నావు కదా. 10–0 రాత్రి వాళ్ళకి బాధగానే ఉండి ఉంటుంది. గోల్‌కీపర్ పదిసార్లు వెనక్కి తిరిగి వలలోంచి బంతి తీశాడు. అది చూసి నవ్వొద్దని నేను అనను, నవ్వాక ఆ కుర్రాడి ముఖం కూడా ఒకసారి చూడు అంటాను. మూడు రోజులకే, ఆదివారం, అదే జట్టు సైప్రస్ మీద మళ్ళీ మైదానంలోకి దిగింది.

దీపావళికి ఎలాగూ వస్తున్నారు కదా, ఒక పెద్ద రూళ్ళ పుస్తకం తెచ్చుకోండి. ముగ్గురం కలిసి ఈ పట్టిక మన చేత్తో గీద్దాం. తేదీ, ఎవరి మీద, ఎక్కడ, ఏ పోటీ, స్కోరు, చివర ఒక గడి గోల్ కొట్టినవాళ్ళ పేర్లకి. ఆ గడి కాస్త వెడల్పుగా గీయాలి. నవంబరు 18న వాళ్ళు రొమేనియా వెళ్ళి ఆడతారు. వాళ్ళ మొదటి గోల్ రొమేనియా మీదే అని పైన రాశాను, గుర్తుందా? ఆ వరుస ఖాళీగా ఉంచుదాం. మ్యాచ్ అయ్యాక పొద్దున్నే ఫోన్ చెయ్యండి. చిన్నూ, ఎవరు గెలిచారో తర్వాత చెబుదువుగాని, చివరి గడిలో ఏ పేరు రాయాలో ముందు చెప్పు.

బామ్మ అరిసెలు చేయిస్తోంది. అమ్మానాన్నలని అడిగినట్టు చెప్పండి.

మీ తాతయ్య