మందు వచ్చాకే బయటపడిన జన్యులోపం

ఆర్యవైశ్య కుటుంబాల్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, విషయం తెలిసిన మత్తు డాక్టర్ ముందుగా ఒక మాట అడుగుతారు: "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక ఊపిరి అందడం ఆలస్యమైందా?"

ఈ ప్రశ్న 1951 ముందు ఎవరికీ తట్టి ఉండదు. సక్సినైల్‌కోలిన్ అనే మందు ఆపరేషన్లలో వాడకంలోకి వచ్చింది ఆ ఏడాదే. గొంతులో గొట్టం వేయడానికి వీలుగా ఒళ్లంతా కండరాలను క్షణాల్లో వదులు చేస్తుంది. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. కొందరిలో మాత్రం ఈ ఎంజైమ్ సరిగా పనిచేయక, గంటలు గడిచినా కండరాలు కదల్లేదు, ఊపిరితో సహా. వెంటిలేటర్ మీద ఉంచితే మందు దానంతటదే దిగిపోయి మనిషి కోలుకుంటాడు. అలా ఉంచకపోతే ప్రాణం పోతుంది. మత్తు ముందే దిగితే ఇంకా ఘోరం: అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేరు.

టొరంటోలో వెర్నర్ కలో అనే శాస్త్రవేత్త 1950లలోనే ఇది వంశపారంపర్యమని చూపి, గుర్తించడానికి రక్తపరీక్ష కూడా రూపొందించారు. వైశ్యుల్లో ఈ లోపానికి కారణమైన జన్యుమార్పు వివరాలు 2006లో వెలువడ్డాయి. ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలిన్ అనే మరో అమైనో ఆమ్లం చేరుతుంది. అంతే తేడా.

మరి ఈ సముదాయంలోనే ఎందుకింత ఎక్కువ? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం దారి చూపింది. రెండు, మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సముదాయం, అప్పటినుంచీ తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల్లోకి పెరిగింది. ఆ కొద్దిమందిలో ఉన్న మార్పులు కూడా జనంతోపాటే పెరిగాయి. మిగతా వారితో పోలిస్తే ఈ లోపం వైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువని 2017 నాటి పరిశోధనాపత్రం పేర్కొంది.

జన్యులోపం అనగానే మన దగ్గర నెపం మేనరికం మీదకు పోతుంది. మేనరికం ముప్పును పెంచేమాట నిజమే. కానీ ఇక్కడ గోత్రాలు చూసి, బంధుత్వమే లేని సంబంధం చేసుకున్నా, ఇద్దరికీ ఒకే పాత పూర్వీకుడి జన్యువు అంది ఉండొచ్చు. అలాగని దీన్ని ఒక కులపు జబ్బుగా ముద్ర వేయడం అన్యాయం. ఈ జన్యువున్నవాళ్లు ఆ మందు ఒంట్లోకి వెళ్లనంతకాలం నిక్షేపంగా బతుకుతారు.

ఎంజైమ్ తగ్గడానికి జన్యువు ఒక్కటే కారణం కాదు. కాలేయం దెబ్బతిన్నా, సరైన తిండి లేకపోయినా, గర్భంతో ఉన్నప్పుడూ తగ్గుతుంది. పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఒంట్లోకి చేరినా అంతే. కాబట్టి రిపోర్టులో అంకె తక్కువ వచ్చినంత మాత్రాన వంశం నుంచి వచ్చిందని తేల్చేయకూడదు. వంశపారంపర్యమని తేలితే మాత్రం అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరిలో లోపమున్న జన్యువు చెరొకటి ఉంటే, ప్రతి బిడ్డకూ ఆ లోపం వచ్చే అవకాశం 25 శాతం.