ఎర్ర మందు, చిట్టీల సంగతి

చిన్నీ, బన్నీ,

దసరా సెలవలకు వచ్చినప్పుడు కింది పోర్షన్ అంకుల్ గురించి నన్నొకటి అడిగారు. "తాతయ్యా, ఆయనకు కొత్త మందు ఇవ్వాలా వద్దా అని చిట్టీలు తీస్తారట కదా, ఎలుకల మీద చేసినట్టు?" అని. టీవీలో మ్యాచ్ ఉందని దాటేశాను. మ్యాచ్ కాదు, అప్పుడు ఆంటీ మెట్ల మీదే ఉన్నారు. అందుకని ఇప్పుడు రాస్తున్నా.

అంకుల్ తొడలో గడ్డను సార్కోమా అంటారు. కండ, కొవ్వు లాంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్ళ క్యాన్సర్లలో నూటికి ఒకటి ఉంటుందేమో, అందులోనే మళ్ళీ యాభైకి పైగా రకాలు. చాలాసార్లు నొప్పి ఉండదు. కొవ్వు గడ్డేలే అనుకుని ఆయన ఏడాది పాటు మలక్‌పేట నుంచి అబిడ్స్‌కు స్కూటర్ మీద తిరిగారు. ఇప్పుడది ఊపిరితిత్తులకు పాకింది, కోసి తీసేస్తే పోయే దశ దాటింది.

ఇలాంటప్పుడు 1970ల నుంచీ ఎక్కువగా ముందు ఎక్కించేది డాక్సోరూబిసిన్. ఆస్పత్రి ఫార్మసీలో ఎన్ని సీసాలు కలిపానో లెక్క లేదు. అచ్చం రూహ్ అఫ్జా కలిపిన నీళ్ళలా ఉంటుంది, పేషెంట్లందరికీ అది ఎర్ర మందే. ఇటలీలో ఒక పాత కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి మొదట తీశారు. నరం దాటి బయటికి కారిందా, అక్కడి చర్మం, కండ కాలినట్టు పుండు పడుతుంది. అందుకే సిస్టర్ సిరంజి కాస్త వెనక్కి లాగి, రక్తం వస్తోందని చూసుకుని గాని ముందుకు తొయ్యదు. ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందని పాపం హడలిపోతారు. దీంతో ఇంకో చిక్కు గుండెకు. జీవితం మొత్తం మీద ఇంతకు మించి ఇవ్వకూడదని ఒక హద్దు ఉంది. కాబట్టి జబ్బు తగ్గట్లేదని ఇదే మందును పెంచుకుంటూ పోవడం కుదరదు. దానికి తోడుగా ఇంకో మందు వెతకాలి. చిట్టీల అవసరం వచ్చేది అక్కడే.

పోయిన వేసవిలో నానమ్మ కొత్త కారం తెప్పించి ఆవకాయ పెట్టింది గుర్తుందా? బ్రహ్మాండంగా కుదిరింది. అది కారం మహిమా, ఆ ఏటి కాయ మహిమా? తేలాలంటే అవే ముక్కలు, అదే నూనెతో రెండు జాడీలు పెట్టి, ఒకదాంట్లో పాత కారం, ఒకదాంట్లో కొత్తది వెయ్యాలి. ఏ జాడీదో చెప్పకుండా వడ్డించాలి. (నానమ్మ ఒప్పుకోలేదనుకోండి.) మనుషుల విషయంలో ఎవరిని ఏ జాడీలో వెయ్యాలో డాక్టరే ఎంచుకుంటే, తెలియకుండానే కాస్త గట్టిగా ఉన్నవాళ్ళను కొత్త మందు వైపు నెడతాడు. అందుకే చిట్టీ. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది. అసలు సంగతి మరిచిపోవద్దు: అంకుల్‌కు చెప్పిన మందు పరీక్షలో (క్లినికల్ ట్రయల్ అంటారు) ఎర్ర మందు రెండు గుంపులకూ ఇస్తారు. దానికి తోడుగా ఒక గుంపుకు కొత్త మందు, ఇంకో గుంపుకు మందు లేని సీసా.

ఇంత తతంగం ఎందుకంటారా? సార్కోమాకు ఎర్ర మందుతో కలిపి ఇవ్వడానికి ఒలారాటుమాబ్ అని ఒక మందు వచ్చింది. 133 మందిలో చూశారు. ఎవరికి ఏది ఎక్కుతోందో అందరికీ తెలుసు. స్కూల్ ప్రేయర్‌లో మిమ్మల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టినట్టు, బతికిన కాలాన్ని బట్టి పేషెంట్లను వరసలో పెట్టి సరిగ్గా మధ్యలో ఉన్నవాణ్ణి చూడండి. ఎర్ర మందు ఒక్కటే అయితే 14.7 నెలలు, రెండూ కలిపితే 26.5. మా ఫార్మసీలో ఆ వార్త చదివి స్వీట్లు కూడా పంచుకున్నాం! 2016లో అమెరికా అనుమతి ఇచ్చేసింది, కాకపోతే పెద్ద పరీక్ష చేసి రుజువు చూపాలన్న షరతు మీద. ఆ రెండోసారి 509 మంది, ఎవరి సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు. 2019లో ఫలితం వచ్చింది: కొత్త మందు కలిపితే 20.4 నెలలు, కలపకపోతే 19.7. తేడా లేనట్టే. మందు మార్కెట్లోంచి వెళ్ళిపోయింది. పదిసార్లు నాణెం ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడటం వింత కాదు, వెయ్యిసార్లలో ఏడొందలు పడటం వింత. ఆ రెండో పరీక్షే లేకపోతే ఇవాళ అంకుల్ పొలం అమ్మి మరీ ఆ మందు కొనేవారు.

అన్నీ అలా పోలేదు. ఫ్రాన్స్‌లో యాభై రకాలనూ కలిపెయ్యకుండా, నునుపు కండరంలో (గర్భసంచి, పేగుల గోడల్లో ఉండే కండ) పుట్టే ఒక్క రకాన్నే పట్టుకున్నారు. 150 మందిలో సగానికి ఎర్ర మందుతో పాటు ట్రాబెక్టెడిన్ ఇచ్చారు. అది మొదట సముద్ర జీవిలో దొరికిన మందు. 2024లో వచ్చిన లెక్క ప్రకారం మధ్య మనిషి 24 నెలలకు బదులు 33 నెలలు బతికాడు. రక్తకణాలు పడిపోవడం, వాంతులు మాత్రం ఎక్కువే. నయం కాలేదు, తొమ్మిది నెలలు కలిసొచ్చాయి. తొమ్మిది నెలలంటే మీకు ఒక క్లాసు.

ఎలుకలన్న మాట నన్ను ఎందుకు గుచ్చిందో కూడా చెప్తా. నేను పనిచేసిన ఒకచోట, ఇలాంటి పరీక్షకు ఒప్పుకుంటున్నానని రాసిన పదహారు పేజీల ఇంగ్లీషు కాగితం మీద ఒక పెద్దాయన చేత రెండు నిమిషాల్లో వేలిముద్ర వేయించారు. "ఏం రాసుంది సార్?" అని నన్ను అడిగాడు. క్యూ పెద్దగా ఉంది, మంచిదేలే అన్నాను. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే అంకుల్ కాగితం తెలుగులో తెప్పించుకుని, రెండు రాత్రులు ఇద్దరం కలిసి చదివాం. మన దేశంలో ఇలాంటి పరీక్షను సీటీఆర్‌ఐలో (మందు పరీక్షల జాతీయ రిజిస్టరు) నమోదు చెయ్యడం 2009 నుంచి తప్పనిసరి. ఆ నంబరు సరిచూశాను. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఎవరి ఖర్చు, మధ్యలో మానేస్తే మామూలు చికిత్స ఆగదు కదా, గుండె ఎన్నిసార్లు చూస్తారు, ఈ మూడు చోట్లా పెన్సిల్‌తో గీశాను. నాలుగోది ఆయనే రాసుకున్నారు: "నాకు ఏ సీసా వచ్చిందో ఎప్పటికైనా చెప్తారా?"

సంతకం ఇంకా పెట్టలేదు. సోమవారం గుండెకు టూడీ ఎకో స్కాన్ ఉంది, ఆటో మాట్లాడాను. నేనూ వెళ్తున్నా.

తాతయ్య