చావు ఖర్చులకు సర్కారు సాయం: అపోహలు, వాస్తవాలు

తెలంగాణలో పరకాల వైపు ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. మరణాలు నమోదు చేసేది నేనే కాబట్టి, మనిషి పోయిన ఇంటివాళ్లు ఎక్కువగా అడిగే సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "పేదోళ్లు చనిపోతే దహన సంస్కారాలకు వెంటనే పైసలిస్తారట కదా సార్."

మన దగ్గర అందరికీ వర్తించే అలాంటి పథకం లేదు. చాలా ఊళ్లలో సర్పంచ్ ఐదు వేలో పది వేలో చేతిలో పెడతాడు, అది ఆయన సొంత డబ్బు. 2019లో కరీంనగర్ కార్పొరేషన్ రూపాయికే అంత్యక్రియలు మొదలుపెట్టింది, అది ఆ నగరం వాళ్ల కోసం. ఊళ్లో వైకుంఠధామం (శ్మశానవాటిక) ఉంటుంది కానీ కట్టెలు మనమే తెచ్చుకోవాలి. సర్కారు దవాఖానాలో చనిపోతే ఇంటిదాకా ఉచిత బండి ఉంటుంది, ప్రైవేట్ అంబులెన్స్ మాట్లాడకముందే దాని గురించి అడగండి.

అపోహ: "సంపాదించే మగాయన పోతేనే ఇరవై వేలు."

ఇది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మి చాలామంది దరఖాస్తే పెట్టరు. జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంటిని నడిపే మనిషి 18 నిండి 60 నిండకముందు చనిపోతే, కారణం ఏదైనా సరే, రూ.20,000 ఒక్కసారి ఇస్తారు. ఇంటిపని చూసుకునే ఆడమనిషిని కూడా ఇల్లు నడిపే మనిషిగానే లెక్కించాలని మార్గదర్శకాల్లోనే ఉంది. దరఖాస్తు తహసీల్దార్ ఆఫీసులో పెట్టాలి. కానీ ఈ డబ్బు నమ్ముకుని మిత్తికి తేవద్దు, దినాలు అయిపోయి నెలలు గడిచినా రాకపోవచ్చు.

అపోహ: "తాత పేరు మీద పట్టా ఉంది, రైతు బీమా ఐదు లక్షలు వస్తాయి."

59 దాటితే రావు. వయసు చూసేది ఆధార్‌లో. పింఛన్ కోసం ఒకప్పుడు వయసు పెంచి రాయించుకున్నవాళ్ల ఇళ్లలో దీనివల్లే గొడవలు. అరవై దాటిన పేద రైతు పోతే ఈ రెండు పథకాల్లో ఏదీ అందదు. చావులు ఎక్కువగా ఆ వయసులోనే జరుగుతాయి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే.

కూలి పనివాళ్లకు ఏమీ రాదన్నది కూడా నిజం కాదు. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కోత పడే ఔట్‌సోర్సింగ్ స్వీపర్, సెక్యూరిటీ గార్డు చనిపోతే అంత్యక్రియల పేరుతోనే రూ.15,000 ఉంది. మేస్త్రీ, తాపీ పనివాళ్లకు లేబర్ కార్డు (కార్మిక శాఖ ఇచ్చేది) ఉందేమో చూడండి, ఉంటే దాని మీద కూడా సాయం ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా రూ.436 కోత కనిపిస్తే రెండు లక్షల జీవిత బీమా ఉన్నట్టే, రూ.20 అయితే అది ప్రమాద మరణానికి.

అపోహ: "మరణ సర్టిఫికెట్ దినాలయ్యాక చూద్దాం."

దినాలయ్యాక చూద్దామనుకున్నది చాలా ఇళ్లలో ఏడాది దాటుతుంది. 21 రోజుల్లోపు మరణం నమోదు ఉచితం, తర్వాత ఆలస్య రుసుము, ఏడాది దాటితే పై అధికారి ఉత్తర్వు కావాలి. పిట్టకు పెట్టే రోజు చుట్టాలంతా ఉంటారు కదా, వాళ్లలో ఎవరో ఒకరిని పోయిన మనిషి ఆధార్ కార్డు ఇచ్చి పంచాయతీ ఆఫీసుకు పంపండి చాలు.