మూడు కార్డుల వెనుక మూడు వందల ఏళ్ళు

చిన్నప్పుడు ఆటల్లో మరీ చిన్నపిల్లలు ఉంటే 'ఆటలో అరటిపండు' అనేవాళ్ళం. ఆడతారు, కానీ లెక్కలోకి రారు. గోల్ఫ్‌లో కొత్తవాళ్ళను అలా వదిలేయరు. మొదటి నెలలోనే వాళ్ళ పేరు పక్కన ఒక అంకె పడుతుంది. ఆ అంకెతో పాతికేళ్ళుగా ఆడుతున్నవాళ్ళ మీద కూడా నిజంగానే గెలవొచ్చు. అదే హ్యాండిక్యాప్. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఈ ఆలోచన చాలా పాతది. 1687లో ఎడిన్‌బరోలో థామస్ కిన్‌కెయిడ్ అనే వైద్య విద్యార్థి తన డైరీలో ఇదే తర్కించుకున్నాడు. ఇద్దరి ఆటలో తేడా ఉన్నప్పుడు పందెం సొమ్ములో తేడా పెట్టాలా, లేక పందెం సమానంగా ఉంచి బలహీనుడికి ఆటలోనే కొంత వెసులుబాటు ఇవ్వాలా అని. గోల్ఫ్ రెండో దారి పట్టింది. అయితే ఎవరికి ఎన్ని స్ట్రోకులు (బంతిని కొట్టే దెబ్బలు, తక్కువ పడితేనే గెలుపు) మినహాయింపుగా ఇవ్వాలన్నది చాలాకాలం పాటు ఆ ఇద్దరి బేరమే.

ఒక పద్ధతి రావడంలో మహిళల పాత్ర పెద్దది. 1893లో బ్రిటన్‌లో లేడీస్ గోల్ఫ్ యూనియన్ పుట్టింది. మగవాళ్ళ క్లబ్బులు ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటున్న రోజుల్లోనే, ఇసెట్ పియర్సన్ నాయకత్వంలో ఆ సంఘం అన్ని క్లబ్బులకూ ఒకే పద్ధతి తెచ్చేందుకు పట్టుబట్టి పనిచేసింది. అమెరికాలో లైటన్ కాల్కిన్స్ 1905 ప్రాంతంలో మంచి స్కోర్లు మూడింటి సగటు తీయాలన్నాడు. 1911లో అమెరికా గోల్ఫ్ సంఘం ఆ దారినే పట్టింది. సగటు ఆట కాదు, చేతనైన మంచి ఆటే కొలత అన్న సూత్రం ఈ రోజుకీ మారలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కోర్సు, అంటే ఆడే మైదానం, కష్టమైనకొద్దీ గట్టి ఆటగాడికి రెండు మూడు స్ట్రోకులు పెరిగితే, కొత్తవాడికి పది పెరుగుతాయి. అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ క్నూత్ దీన్ని పట్టుకుని, ఒక కోర్సులో ఆ తేడా ఎంతో చెప్పే 'స్లోప్' అనే కొలతకు రూపం ఇచ్చాడు. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది, ప్రామాణికం 113. 1980లలో ఇది అమెరికా అంతటా పాకింది. చివరికి 2020లో ప్రపంచంలోని ఆరు పద్ధతులు కలిసి వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ అయ్యాయి. అంతకుముందు అమెరికాలో హ్యాండిక్యాప్ గరిష్ఠ పరిమితి పురుషులకు 36.4, మహిళలకు 40.4. ఇప్పుడు అందరికీ 54.0. కొత్తవాళ్ళకు తలుపు తెరిచింది ఈ మార్పే.

ఇక లెక్క. మొదట 54 హోల్స్ ఆడిన స్కోరు కార్డులు కావాలి. 18 హోల్స్ రౌండ్లు మూడైనా సరే, 9 హోల్స్‌వి ఆరైనా సరే. పార్ 4 హోల్‌లో, అంటే మంచి ఆటగాడు 4 స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్‌లో, బంతి రెండుసార్లు చెరువులో పడి 11 స్ట్రోకులు పట్టాయనుకోండి. కార్డు మీద లెక్కకు 9 మాత్రమే తీసుకుంటారు. కొత్తవాళ్ళకు ఏ హోల్‌కైనా పార్ మీద 5కు మించి లెక్కపెట్టరు. ఒక్క చెరువు రోజంతా పాడుచేయకుండా అన్నమాట.

అలా సరిచేశాక మూడు రౌండ్లలో 112, 108, 117 వచ్చాయనుకుందాం. మూడూ ఒకే కోర్సులో ఆడినవే. కోర్స్ రేటింగ్, అంటే జీరో హ్యాండిక్యాప్ ఆటగాడు ఆడాల్సిన స్కోరు, 71.0. స్లోప్ 125. మంచి స్కోరు 108లోంచి 71 తీసేస్తే 37. దాన్ని 113తో గుణించి 125తో భాగిస్తే 33.4. అందులోంచి ఇంకో 2 తగ్గిస్తారు. మిగిలిన 31.4 మీ హ్యాండిక్యాప్ అంకె, దాన్నే ఇండెక్స్ అంటారు.

ఆ 2 ఎందుకు పోయిందని చాలామంది బాధపడతారు. కానీ మూడే కార్డులతో మనిషి ఆట పూర్తిగా తెలియదు, పైగా కొత్తవాళ్ళ ఆట త్వరగా మెరుగుపడుతుంది. కాబట్టి అది న్యాయమే అనిపిస్తుంది నాకు. నాలుగో కార్డుతో ఆ కోత 1కి దిగుతుంది, ఐదింటికి ఉండదు. ఆరింటికి మంచివి రెండింటి సగటు తీసి 1 తగ్గిస్తారు. అలా పెరుగుతూ 20 కార్డులయ్యాక మంచివి 8 తీసుకుంటారు. 21వ రౌండుతో ఆ మొదటి కార్డు లెక్కలోంచి జారిపోతుంది.