సూది ఎవరి చేతిలో ఉంది?

కెనడాలోని వాంకూవర్‌లో డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేట ఉంది. 1990ల్లో అక్కడి వీధుల నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే కనిపించకుండా పోయారు. వాళ్లలో ఎందరో మూలవాసి తెగల స్త్రీలు, డ్రగ్స్‌కు అలవాటు పడినవాళ్లు. ఇంట్లోవాళ్లు పోలీసుల దగ్గర మొత్తుకున్నా, పట్టించుకున్నది తక్కువ. 2002లో రాబర్ట్ పిక్టన్ అనే పందుల పెంపకందారు అరెస్టయ్యాడు. అతని పొలంలో 33 మంది స్త్రీల ఆనవాళ్లు, అవశేషాలో డీఎన్‌ఏనో, దొరికాయి. పోలీసుల దర్యాప్తు ఎంత ఘోరంగా విఫలమైందో 2012లో విచారణ కమిషన్ నివేదిక వివరంగా చెప్పింది.

డ్రగ్స్ వాడితే ఇలాగే అవుతుంది అని తేలిగ్గా అనేస్తుంటారు. వింటే కడుపు తరుక్కుపోతుంది. డ్రగ్ తనంతట తాను ఎవరి మీదా చెయ్యి వెయ్యదు.

హెరాయిన్ అలవాటైన ఒంట్లో, చివరిసారి వాడిన 8 నుంచి 12 గంటలకే చెమటలు, ఒళ్లునొప్పులు, వాంతులు, భరించలేని టెన్షన్ మొదలవుతాయి. ఆ సమయంలో డ్రగ్ ఎవరి దగ్గరుంటే వాడిదే పైచేయి. కారెక్కమంటే కాదనడం, కండోమ్ వాడమని పట్టుబట్టడం ఆ స్థితిలో ఉన్న స్త్రీ వల్ల కాదు.

ఇంకో సంగతి బయటికి కనబడదు. చాలామంది స్త్రీలకు మొదటి సూది వేసేది భర్తో, ప్రేమికుడో. నరం పట్టుకోవడం ఆమెకు రాదు, అతను నేర్పడు. ముందు తాను వేసుకుని, అదే సూది ఆమెకు వేస్తాడు. ఆమె మత్తులోకి జారాక పక్కనుండేదీ అతనే. ఇలా వేరొకరి చేత వేయించుకోవడం పురుషుల్లో కంటే స్త్రీలలోనే ఎక్కువనీ, అలాంటివాళ్లకు హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువనీ వాంకూవర్ అధ్యయనాల్లోనే తేలింది.

2003లో ఆ పేటలోనే నర్సుల పర్యవేక్షణలో డ్రగ్స్ వాడుకునే ‘ఇన్‌సైట్’ కేంద్రం తెరిచారు. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఎవరి సూది వాళ్లే వేసుకోవాలన్నది మొదట్లో అక్కడి నియమం. సాయం లేనిదే వేసుకోలేని స్త్రీ మళ్లీ ఆ మగవాడి దగ్గరికే వెళ్లాలి. పైగా నిన్న తనను కొట్టినవాడు ఈరోజు అక్కడే పక్క కుర్చీలో కూర్చుని ఉండొచ్చు. 2017లో స్త్రీలకోసమే ‘సిస్టర్‌స్పేస్’ అనే ఇలాంటి కేంద్రం మొదలైంది ఇందుకే.

అత్యాచారం జరిగిన 72 గంటల్లోపు మందులు మొదలుపెడితే హెచ్‌ఐవీ సోకకుండా ఆపవచ్చు. కానీ ఆసుపత్రికెళితే “ఏం వాడావు?” అని నిలదీస్తారనీ, అధికారులు పిల్లల్ని తీసుకుపోతారనీ డ్రగ్స్ వాడే స్త్రీకి భయం. ఆ భయంలోనే 72 గంటలూ గడిచిపోతాయి.