94 వస్తోంది, మాట మాత్రం తెగిపోతోంది

బెంగళూరు మారతహళ్ళిలో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దెకుంటున్న మా అక్క కొడుకు సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "మామయ్యా, మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్ పెడితే 94 వస్తోంది. మీటింగ్‌లో మాత్రం నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంట. 300కి మార్చమంటావా?"

డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయమన్నాను. ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపి, ఒక పక్క పింగ్ (చిన్న కబురు పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచేది) నడుస్తుండగానే ఇంకో పక్క పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టమన్నాను. లైను ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 10 మిల్లీసెకన్లు. అప్‌లోడ్ మొదలైన రెండు మూడు సెకన్లకు 410. మామూలు స్పీడ్ టెస్ట్ పైన పెద్ద అక్షరాల్లో చూపించే అంకెలో ఈ 410 ఎక్కడా కనబడదు. మీటింగ్‌లో మాట తెగేది దీనివల్లే.

ఎంబీపీఎస్‌ను 'స్పీడు' అనడం దగ్గరే మనం తప్పుతోవ పట్టాం. క్లాసులో ఈ మాట సరిచేయడానికే నాకు ఒక పీరియడ్ పడుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మీరు 100 కట్టినా 300 కట్టినా ఆ వేగం అంతే. ప్లాన్ మారిస్తే పెరిగేది సెకనుకు ఎన్ని బిట్లు దాటతాయన్నది. మనం పంపేదంతా చిన్న చిన్న మూటలుగా, అంటే ప్యాకెట్లుగా వెళుతుంది. ఒక్కో ప్యాకెట్ దారిలో ఎంతసేపు నిలబడిందన్నది వేరే లెక్క.

ఆ నిలబడటం ఎలాంటిదో తిరుమల వెళ్ళినవాళ్ళకు వివరంగా చెప్పక్కర్లేదు. గర్భగుడి ముందు గంటకు ఇంతమందే కదలగలరు. కంపార్ట్‌మెంట్లు ఇంకో పది కట్టినా గంటకు దర్శనమయ్యేవాళ్ళు పెరగరు. లోపల కూర్చునే గంటలే పెరుగుతాయి. రౌటర్లలో, మోడెమ్‌లలో జరిగిందీ ఇదే. మెమరీ చవకైంది కాబట్టి ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని పెద్ద పెద్ద కంపార్ట్‌మెంట్లు పెట్టారు. పంపే కంప్యూటరేమో ప్యాకెట్ పోతే గానీ దారి నిండిందని తెలుసుకోదు. ఏదీ పోవడం లేదు కదా అని ఇంకా ఇంకా పంపుతుంది. కింద అలిపిరిలో ఎవరూ ఆపకపోతే బస్సు వెనక బస్సు కొండెక్కినట్టే.

వాళ్ళ లైనుకు లెక్క కట్టి చూద్దాం. ప్లాన్‌లోని 100 డౌన్‌లోడ్‌కు, అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. అదనంగా పడిన ఆలస్యం 400 మిల్లీసెకన్లు. రెండూ గుణిస్తే 80 లక్షల బిట్లు, అంటే 10 లక్షల బైట్లు. 1500 బైట్ల ప్యాకెట్లయితే దాదాపు 660 వరసలో కూర్చున్నాయి. కాల్‌లో మన గొంతు సాధారణంగా 20 మిల్లీసెకన్లకో చిన్న ప్యాకెట్‌గా బయల్దేరుతుంది. అది ఆ 660 వెనక నిలబడాలి. ఫోన్ సంభాషణ సాఫీగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం సూచన.

పరీక్షలో అంటే మనమే ఫైలు పెట్టాం, మరి మీటింగ్‌లో ముందు కూర్చుంటున్న ప్యాకెట్లు ఎవరివని అడిగితే అసలు సంగతి బయటపడింది. ముగ్గురూ ఆదివారం రాత్రే తిరుమల నుంచి వచ్చారు. ఘాట్ రోడ్డు వీడియోలన్నీ మూడు ఫోన్ల నుంచి వాటంతట అవే బ్యాకప్‌కు ఎక్కుతున్నాయి!

ఈ జబ్బును జిమ్ గెటీస్ అనే అమెరికా ప్రోగ్రామర్ తన ఇంటి నెట్‌లోనే పట్టుకుని, 2010లో బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. బఫర్ అంటే మన కంపార్ట్‌మెంటే, బ్లోట్ అంటే ఉబ్బడం. మందు 2012లో వచ్చింది. కాథలీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ రాసిన కోడెల్ అనే పద్ధతి. ఈ జేకబ్సన్‌ది పాత అనుభవం. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్‌లీలో 400 గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య నెట్ సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు కుప్పకూలితే, కారణం తవ్వినవాళ్ళలో ఆయనొకరు. కోడెల్ క్యూ ఎంత పొడుగుందో చూడదు, ప్యాకెట్ ఎంతసేపు కూర్చుందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు కనీస నిరీక్షణ కూడా 5 మిల్లీసెకన్ల కంటే కిందికి దిగకపోతే ఒక ప్యాకెట్‌ను పారేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే తర్వాతిది ఇంకో 100 మిల్లీసెకన్లకు, ఆపైది 100ని రెండు వర్గమూలంతో భాగిస్తే వచ్చే 71కి, ఆపైది 58కి. అలా పట్టు బిగిస్తూ పోతుంది. పారేయడమే ఇక్కడ కబురు. "ఇప్పుడు రాకండి, టోకెన్ తీసుకుని రండి" అని కిందే చెప్పినట్టు. నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేసే ఆలోచన ఇది.

దీనికే ఇంకొకటి జోడించి ఎఫ్‌క్యూ-కోడెల్ చేశారు. బస్సుకో వరస పెట్టి, ఒక్కో వరస నుంచి వంతులవారీగా కొంచెం కొంచెంగా వదలడం. యాభైమంది గుంపు వెనక ఒంటరిగా వచ్చిన ముసలమ్మ ఆగక్కర్లేదు. మన గొంతు ప్యాకెట్ ఆ ముసలమ్మ.

చిక్కేమిటంటే క్యూ కట్టేది ఆపరేటర్ ఇచ్చిన మోడెమ్‌లో, అది మన మాట వినదు. అందుకే మన రౌటర్‌లోనే అప్‌లోడ్‌ను 20కి బదులు 18కి కట్టేయాలి. అప్పుడు ఇరుకు మన దగ్గరికి వస్తుంది, క్యూ ఇక్కడే కడుతుంది, దాన్ని కోడెల్‌కు అప్పగించవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అని ఉంటే అదే ఇది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగల రౌటర్లకు దాన్ని చేర్చుకోవచ్చు.

చాలా ఇళ్ళలో రౌటర్‌ను ఆపి ఆన్ చేయడం ఒక శాంతి పూజలా సాగుతోంది. కాసేపు గుణం కనిపించేది నిజమే. ఆపగానే క్యూ మొత్తం ఖాళీ అవుతుంది మరి. బ్యాకప్ మళ్ళీ అందుకోగానే మళ్ళీ అదే నిండుతుంది.

200 ప్లాన్ ఉండి కూడా 94 దగ్గరే ఆగేవాళ్ళు ముందు వైరు చూడండి. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, వైరు లోపలి 4 జతల తీగలూ కావాలి. ఒక జత తెగినా 2 జతలతో నడిచే 100కి దిగిపోవచ్చు. మా అక్క కొడుకు ప్లానే 100 కాబట్టి అతనికి ఆ బాధ లేదు.

మంగళవారం రాత్రి పాత రౌటర్ ఒకటి సంపాదించి 18కి కట్టాం. మళ్ళీ అదే అప్‌లోడ్ పెట్టి పింగ్ చూస్తే 22, 19, 24 మిల్లీసెకన్లు. ఇంకా బాల్కనీ గదిలో వైఫై మీద మాత్రం 90 దాకా పోతోంది. గాలిలో వంతు కోసం ఆగే ఆ క్యూ వేరు. ఈ ఆదివారం వైఫైని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మార్చి, రౌటర్‌ను హాల్లోకి జరిపి మళ్ళీ కొలుస్తామన్నాడు.