గుడ్డు పైవైపు పైకే ఉండాలి

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది మొగ దగ్గర, పొడంపేట, గొఖరకుడా, పురుణాబంధ ఊళ్ల ముందున్న ఇసుక మీదికి ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఇక్కడ చేపల వేట మీద బతికే తెలుగువాళ్లకు ఇవి ఎప్పటినుంచో తెలుసు. శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. ఏటా గుంపుగా వస్తాయన్న నమ్మకం లేదు. 2024లో రాలేదు, 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయి.

తల్లి వెనక రెక్కలతో మూరెడు లోతున, కూజా ఆకారంలో గొయ్యి తీస్తుంది. నూరు నుంచి నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, డిప్పతో అటూ ఇటూ మొత్తి గట్టిపరిచి వెళ్లిపోతుంది.

మంచి మనసుతో గుడ్లు తీసి వేరేచోట పెట్టాలనుకునే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కోడిగుడ్డులో సొనను నడుమ నిలిపి ఉంచే తెల్లటి తాళ్లుంటాయి. తాబేలు గుడ్డులో అవి లేవు. పెట్టిన కొన్ని గంటల్లోనే పిండం పైకి తేలి, పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పొర చిరిగి పిండం చనిపోతుంది. పైకి గుడ్డు నిండుగానే కనిపిస్తుంది, పిల్ల మాత్రం రాదు.

అందుకే పోటు నీరు ముంచే గూడైతే తప్ప గుడ్లు కదపకూడదు. కదపాల్సివస్తే అది అటవీ సిబ్బంది పని. మొదటి రెండు గంటల్లో అయిపోతే మేలు. బకెట్ అడుగున గూటిలోని తడి ఇసుకే పరిచి, ఒక్కో గుడ్డునూ ఉన్నది ఉన్నట్టుగా ఎత్తిపెట్టాలి. కొత్త గొయ్యి కూడా మూరెడు లోతు, అదే ఆకారం. గూటికీ గూటికీ మీటరు ఎడం. గుడ్ల మీద ముందు తడి ఇసుక పోయాలి, పొడి ఇసుక కాదు.

చోటు ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. ఇసుక వేడి సుమారు 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడపిల్లలే పుడతాయి, చల్లబడితే మగవి. సరుగుడు చెట్ల నీడ పడినా చాలు, ఈ లెక్క మారిపోగలదు.

దాదాపు యాభై రోజులకు, రాత్రిపూట ఇసుక చల్లబడ్డాక పిల్లలు పైకొచ్చి, వెలుగున్న దిక్కుకు పాకుతాయి. దీపాలు లేని తీరాన ఆ వెలుగు సముద్రానిదే. వీధిదీపం ఉంటే ఊళ్లోకి పోతాయి, తెల్లారేసరికి కాకులకు, కుక్కలకు దొరుకుతాయి. ఆ వారం రోజులు సముద్రం వైపు దీపాలు ఆర్పేయాలి. దారి తప్పినవాటిని తొట్టెల్లో దాచొద్దు. ఒంట్లో మిగిలిన సొన బలంతోనే అవి తొలి రోజు ఈదాలి, ఆ బలం తొట్టెలోనే ఖర్చయిపోతుంది. నీళ్లకు దగ్గరగా ఇసుక మీద వదిలితే అవే పాకుతూ వెళ్తాయి.

తల్లులు ఎక్కువగా చచ్చేది ట్రాలర్ల (వలను ఈడ్చుకుపోయే మరపడవల) వలల్లో, ఊపిరాడక. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ ఎదుట 20 కిలోమీటర్ల వరకు ఉన్న వేట నిషేధం అందుకే. వలలో కదలని తాబేలు కనిపిస్తే చచ్చిందని గిరాటేయకండి. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తున ఉంచి, నీడలో తడిగుడ్డ కప్పండి. నాలుగు గంటలు, అవసరమైతే ఇరవై నాలుగు గంటలు చూడండి. తోక మెల్లగా గిల్లితే కదిలిందా, ప్రాణం ఉన్నట్టే. తేరుకున్నాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేనిచోట వదలండి.